పెదవితో రబ్బరు చూసే మనిషి

బాబాయి పోయి రెండు వారాలైంది. ఆ రోజు పొద్దున్న టీ గ్లాసు కౌంటరు మీద పెడుతూ టీ కొట్టాయన చెప్పేడు, "ఎదర షెడ్డు ముసలాయన పోయేడంటమ్మా" అని. నేను "అయ్యో" అనేలోపే పక్క కొట్టుకి ఇంకో గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయేడు. ముప్ఫై ఏళ్ళు ఈ రోడ్డు మీద బళ్ళని ఆపిన మనిషి చావు అంతపాటి కబురైపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదా అంటే, నా మీదే.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి పోయే రోడ్డులో మాది ఆటోల స్పేర్ పార్టుల కొట్టు. మా నాన్న కొట్టులో కూచున్న రోజుల్లో ఆయన నాన్నని అన్నయ్యా అనేవాడు, అందుకని నాకు బాబాయి. నాన్న పోయాక కొట్టు నా మీద పడింది. ఆడది కూచుని ఆయిల్ సీళ్ళు అమ్మడమేటని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. బాబాయి నవ్వలేదు. మొదటిరోజే వచ్చి, కౌంటరు అద్దం మీద రెండు రబ్బరు వాషర్లు పెట్టి, "ఏది మంచిదో సెప్పమ్మా" అన్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి, "రెండూ మంచివే బాబాయ్" అన్నాను.

"సరే. ఇయ్యాల ఇద్దరు మనుసులు పోయేరు నీ సేతిలో" అని లేచి వెళ్ళిపోయేడు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. మర్నాడు మళ్ళీ వచ్చేడు, మళ్ళీ రెండు వాషర్లు పెట్టేడు. అలా నెల్లాళ్ళు. నెల్లాళ్ళకి నేను గట్టిపడిన రబ్బరేదో, ప్రాణమున్న రబ్బరేదో వేలితో నొక్కి చెప్పగలిగేను. ఆయన మెచ్చుకోలేదు. "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" కోసం నేను నెల్లాళ్ళు ఏడ్చేను.

ఆయన చేసేది ఒక్కటే పని, బ్రేకులు. ఇంజిన్ జోలికి పోడు. ఎవరైనా ఇంజిన్ చూడమంటే, "ఎల్లడానికేటి, ఎవుడైనా ఎల్తాడు" అనేవాడు. ఆటో చక్రం డ్రమ్ములో వేలెడంత సిలిండరు ఉంటుంది. అందులో బొటనవేలి గోరంత రబ్బరు గిన్నె, దాన్నే కప్పు వాషరంటాం. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ వచ్చి ఆ గిన్నెని తోస్తుంది, గిన్నె జారి ముందుకెళ్ళి బ్రేకు పట్టిస్తుంది. కాలు తీస్తే మళ్ళీ వెనక్కి జారాలి. మా వేపు ఒక్కో ఆటోలో పదిమంది ఎక్కుతారు, పైగా బుట్టలు, కోళ్ళు, చంటిపిల్లలు. వాళ్ళందరి ప్రాణాలూ ఆ గోరంత రబ్బరు సరిగ్గా జారడం మీద ఉంటాయి. ఈ సంగతి ఎక్కినవాళ్ళకి తెలీదు, తోలేవాడికి పట్టదు. బాబాయి ఒక్కడే దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు.

"రబ్బరుకి రెండు గుణాలుండాలమ్మా" అనేవాడు. "అంటుకోవాల, జారాల. గోడకి అంటుకోపోతే ఆయిలు కారిపోద్ది. మరీ అంటుకుందా, ఎనక్కి రాదు. ఈ రెండిటికీ మద్దిని ఎంట్రుకంత సోటు. నాను ఆ సోట్లోనే బతుకుతన్నాను."

పొడిగా తోస్తే అంచు మడతపడి చిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ తగిలిందంటే ఇంకా అన్యాయం, అది తాగి ఉబ్బిపోతుంది. "ఎనకట ఆవుదం కలిపీవోరు బ్రేకుల్లోకి. ఆవుదానికి రబ్బరు ఊరుకుంటాది. ఇంజినాయిలంటే ఊరుకోదు, బలిసిపోద్ది" అనేవాడు. అందుకని ఆయన పద్ధతి ఆయనకుండేది. కొత్త వాషర్లని పొద్దున్న బ్రేక్ ఆయిల్లో నానేస్తే సాయంత్రం గానీ తీసేవాడు కాదు. మిగతా మెకానిక్కులు అరగంటలో పని కానిచ్చి పంపించేస్తారు. ఆటోవాళ్ళు ఈయన మీద లేచేవారు, "ఏటి మావా, పెసరపప్పు నానేసినట్టు నానేత్తన్నావు" అని. "పప్పు ఉడక్కపోతే కడుపు నొప్పెడతాదిరా. ఇది నానకపోతే కడుపే ఉండదు" అనేవాడు. పొద్దున్న ఇచ్చిన బండి మర్నాడే దొరికేది. అయినా ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఎందుకంటే ఆయన బండి ఇచ్చే తీరు అలాంటిది. పనైపోయాక డ్రైవర్ని సీట్లో కూచోబెట్టి, తను పోయి రోడ్డు పక్క ఖాళీ స్థలంలో ఇరవై గజాల దూరంలో నిలబడేవాడు. "రా. నామీదకి తోలు. మూడో గేర్లో రా" అనేవాడు. ముందు ఎవరికీ కాలు ఆడేది కాదు. "నీ పిల్లల్ని ఎక్కించుకుని తోల్తావు కదరా, నాకేటి ఎక్కువ?" అని కసిరేవాడు. బండి ఆయన పంచెకి ఆనుకునేంత దగ్గరకొచ్చి ఆగితే, చక్రం మీద ఒక్కటి తట్టి పక్కకి తప్పుకునేవాడు. నేను కొట్టులోంచి చూడలేక కళ్ళు మూసుకునేదాన్ని. ఎన్నోసార్లు పోట్లాడేను. "ఏదోనాడు నీ కాళ్ళు విరుగుతాయి బాబాయ్" అంటే, "ఇరిగితే నా తప్పుకి నా కాళ్ళే కదా ఇరుగుతాయి" అనేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన వాషర్లని పెదవికి ఆనించి చూడ్డం మొదలెట్టేడు. కింది పెదవి మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లిగా అటూ ఇటూ జరిపేవాడు. నా నోరు మంచిది కాదు, ఊరందరికీ తెలుసు. "ఏటి బాబాయ్, ఈ వయసులో రబ్బరుకి ముద్దులేటి? పిన్నికి చెప్పమంటావా?" అన్నాను. కొట్టులో ఉన్న నలుగురూ పగలబడి నవ్వేరు. ఆయన కూడా నవ్వేడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నాకు నోరు కోసేసుకోవాలనిపిస్తుంది.

తర్వాత ఓ మధ్యాహ్నం ఏదో బేరింగు కోసం షెడ్డుకెళ్ళేను. ఆయన అప్పుడే ఆగిన ఆటో పక్కన కూచుని, చెయ్యి సైలెన్సరు మీద ఆనించి, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాకు కాలిన వాసనొచ్చింది. "బాబాయ్! చెయ్యి!" అని అరిచేను. ఆయన ఆ చేతివైపు, అది ఎవరిదో అన్నట్టు చూసేడు. అరచెయ్యి తీస్తే చర్మం ఊడొచ్చింది. మొహంలో నొప్పి లేదు. భయం ఉంది. అంత భయం నేనెప్పుడూ ఆయన మొహంలో చూడలేదు.

ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి చెప్పేడు. షుగరు. ముందు కాళ్ళు మొద్దుబారేయి, తర్వాత వేళ్ళు. కొన్నాళ్ళుగా వేళ్ళకి ఏమీ తెలీడం లేదు.

"ఎవులికీ సెప్పకమ్మా" అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు, ఎంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకి తెలీదు, గాజు చిట్లిపోయింది. "సేతులు పోయేయని తెలిసిందా, ఒక్క బండి రాదు. ఇది తప్ప నాకేటీ రాదు. ఇది లేపోతే నాను ఏటి? సెప్పు, ఏటి నాను?"

నేను ఏడ్చేను. ఏడుస్తూనే మాటిచ్చేను. "నా వేళ్ళు నీవే అనుకో బాబాయ్. నువ్వు పెదవితో చూసి ఇయ్యి, మిగతాది నేను చూస్తాను" అన్నాను. తడిసిన వాషర్ని పెదవికి పెట్టుకోలేడు, బ్రేక్ ఆయిల్ తగిలితే నోరంతా పుళ్ళు పడతాయి. అందుకని నానెయ్యడం, నానిన తర్వాత చూడ్డం నా వంతు. అది కూడా ఆయనే నేర్పేడు. నానిన వాషర్ని కౌంటరు అద్దం మీద బోర్లించి వేలితో తొయ్యాలి. "కూసింత పట్టుకుని వొదలాల. అసలు పట్టుకోకుండా సర్రుమందా, అది తప్పుడు ఆయిలు. కదల్నంటే అది పొడి" అనేవాడు. ఏడాది పైన అలాగే గడిచింది. సాయంత్రం షెడ్డుకి పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఆయన సిలిండర్లోకి తోసేటప్పుడు నా మొహంకేసి చూసేవాడు. నేను తలూపితే బిగించేవాడు. రోజూ ఆయన గుండె నా తలకాయ ఊపులో ఉండేది, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేసేను నేను చేసింది.

పోయిన ఉగాదికి ముందొచ్చిన కొత్తమావాస్య. దానికి ముందు రోజు. నూకాలమ్మ జాతరకి జిల్లా అంతా అనకాపల్లికి వచ్చేస్తుంది. ఆటోవాళ్ళకి ఆ రెండ్రోజులూ పండగే పండగ, కొట్టు ముందు జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. బల్బులు, కేబుళ్ళు, ప్లగ్గులు, "అమ్మా నాకు", "అమ్మా నాకు". బాబాయి ఒక వాషర్ల కిట్టు పెదవితో చూసి ఇచ్చేడు. రోలుగుంట నుంచి తోలే కుర్రాడి బండికి. "నానెయ్యమ్మా" అని పోయేడు. నానేసే గిన్నెలో బ్రేక్ ఆయిల్ అయిపోయింది. అరలో చెయ్యి పెట్టి బ్రేక్ ఆయిల్ సీసా తీసి గిన్నెలో ఒంపి, వాషర్లు వేసి మూతపెట్టేను.

ఆ సీసాలో ఉన్నది ఇంజిన్ ఆయిల్. దాన్ని నింపింది నేనే. అంతకు వారం ముందు ఎవరో పావు లీటరు లూజుగా కావాలంటే, ఖాళీ సీసా కనపడింది కదా అని పోసి ఉంచేను. వాడు రాలేదు. చీటీ అంటించలేదు. మా కొట్టుల్లో ఇలాంటి సీసాలు బోలెడుంటాయి, మూత తీసి వాసన చూస్తే చాలు. నేను మూత తీసేను, వాసన చూడలేదు.

సాయంత్రం గిన్నె పట్టుకుని షెడ్డుకి పరిగెత్తేను. కొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు, అద్దం మీద పెట్టి చూడలేదు. ఆయన వాషరు తోస్తున్నాడు. వెళ్ళడం లేదు. మళ్ళీ తోసేడు.

"బిగువుగా ఉందేటమ్మా? ఒకపాలి సూడు" అన్నాడు.

"కొత్తది కదా బాబాయ్, బిగువుగానే ఉంటాది. నేను చూసేను" అన్నాను.

చూసేనన్నాను. ఆయన నా మొహంకేసి చూసేడు. నేను తలూపేను. బిగించేడు. తర్వాత అలవాటు ప్రకారం పోయి ఇరవై గజాల్లో నిలబడ్డాడు. బండి వచ్చి ఆయన ముందు బ్రహ్మాండంగా ఆగింది. ఆగుతుంది, ఎందుకాగదు. ఆ రబ్బరుకి ఆపడం తెలుసు, వదలడం తెలీదు. రాత్రంతా ఇంకా తాగింది, ఉబ్బింది, గోడకి కరుచుకుంది.

జాతర రోజు సాయంత్రం రోలుగుంట దారిలో, మలుపులో బ్రేకు తొక్కితే ఎడం చక్రం పట్టేసి మరి వదల్లేదు. ఆటో పొలంగట్టు మీంచి బోల్తాపడింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. డ్రైవరు పెళ్ళాం ముందు సీట్లో భర్త పక్కనే కూచుంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర రెండుగా విరిగింది.

మర్నాడు బండిని లాక్కొచ్చేరు. బాబాయే చక్రం విప్పేడు. ఆ వాషర్ని అరచేతిలో పెట్టుకుని, డ్రైవరు వెంట రాగా మా కొట్టుకొచ్చి అద్దం మీద పెట్టేడు. నానిన శనగలా ఉంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం. నా కళ్ళు వాటంతటవే అరలో ఉన్న సీసా మీదకి పోయేయి. ఆయన నా కళ్ళనీ చూసేడు, సీసానీ చూసేడు.

డ్రైవరు బల్ల గుద్దుతున్నాడు. "నా పెళ్ళాం సెయ్యి పోయింది! ఇక దానికి సెయ్యి తిరగదన్నారు! ఎవులు సేసేరిది? సామాను సెడ్డదా? సెప్పండి, ఎవులు సేసేరు?" రోడ్డు మీద జనం ఆగిపోయేరు. ఆటోవాళ్ళందరూ చేరేరు.

చెప్పేద్దామనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నాలిక కదిలేలోపే బాబాయి అన్నాడు, "నానే సేసేన్రా. ఆమెకేటీ తెలీదు. నా సేతులు సచ్చిపోయేయి. ఏడాది దాటింది. రబ్బరేదో రాయేదో నాకు తెలీదు. తెలీకుండానే మీ అందరి బళ్ళూ సేసేను."

ఎవరూ నమ్మలేదు. ఎవడో నవ్వేడు కూడా. అప్పుడాయన నావైపు తిరిగేడు. "అమ్మా, నీ గాజుకి పిన్నీసుంది కదా. ఇలాగియ్యి" అన్నాడు.

నేను ఇచ్చేను. గాజుకున్న పిన్నీసు తీసి, నా చేత్తో, ఆయన చేతిలో పెట్టేను. ఎందుకడుగుతున్నాడో నాకు తెలుసు. తెలిసే ఇచ్చేను.

ఆయన చూపుడువేలు అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, పిన్నీసుని సగం దాకా దింపేడు. రక్తం వచ్చింది. మొహంలో ఏమీ లేదు. తర్వాత మధ్యవేలు. తర్వాత ఉంగరం వేలు. "ఓలమ్మో" అని ఎవరో అన్నారు. డ్రైవరు చెయ్యెత్తినవాడల్లా దించేసేడు. "ఎదవ బతుకు, ముందే సెప్పి సావొచ్చు కదా" అని ఉమ్మేసి వెళ్ళిపోయేడు.

ఆ రోజు తర్వాత ఆ షెడ్డుకి ఒక్క బండి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

మూడోరోజు కొట్టు మూసి ఆయన దగ్గరికెళ్ళేను. షెడ్డు ముందు రాతిపలక మీద కూచుని ఖాళీ స్థలంకేసి చూస్తున్నాడు. కాళ్ళ మీద పడ్డాను. "ఎందుకలా చేసేవు బాబాయ్? నేను చేసేను కదా. నీకు తెలుసు కదా" అని.

"నా సేతులు ఎలాగా పోయినియే కదమ్మా" అన్నాడు. "నీవి ఉన్నాయి. ఉన్నవాటిని కూడా పోగొట్టుకోడం దేనికి? ఇంకోపాలి సీసా వాసన సూసి పొయ్యి." తిట్టి ఉంటే బాగుండును. కొట్టి ఉంటే ఇంకా బాగుండును.

తర్వాతి నెలల్లో ఆయన పడ్డ పాట్లు నేను చూసేను. ఎవరో చెప్పేరని వేళ్ళకి ఆవనూనె రుద్దేడు. ఎవరో చెప్పేరని వేణ్ణీళ్ళలో ముంచేడు, ఎంత వేడో తెలీక రెండు చేతులూ బొబ్బలెక్కించుకున్నాడు. కట్లు కట్టుకునే మా కొట్టుకొచ్చి మెట్టు కింద నిలబడేవాడు. "ఏటైనా పనుందా అమ్మా? కిట్టులు ఏరిపెట్టనా?" అనేవాడు. ఏరిపెట్టమనేదాన్ని. పెద్దవీ చిన్నవీ కలిపేసేవాడు. ఆయన వెళ్ళాక నేను మళ్ళీ ఏరుకునేదాన్ని. ఒకరోజు ఆయన వెనక్కొచ్చి, నేను మళ్ళీ ఏరడం చూసేడు. అంతే, మరి రాలేదు. ఆ తర్వాత నుంచీ షెడ్డులో వట్టి వాషరుని పెదవికి పెట్టుకుని కూచుంటున్నాడని పిన్ని చెప్పింది. అన్నం మానేసేడని చెప్పింది. వెళ్దాం వెళ్దాం అనుకున్నాను. మొహం చెల్లలేదు.

నిన్న ఆ రోలుగుంట కుర్రాడు కొట్టుకొచ్చేడు. బండి బాగుచేయించుకుని మళ్ళీ తోలుతున్నాడు. "ముసలోడు పోయేడంట కదమ్మా" అన్నాడు. "మా ఆవిడ ఇప్పటికీ జడేసుకోలేదు. నా కూతురేత్తాది దానికి జడ. అది సూసినప్పుడల్లా ఆడ్ని తిట్టుకుంటాను. సచ్చినోడ్ని తిట్టకూడదంటారు గానీ."

నాలో ఏదో తెగిపోయింది. ఇంక చాలనుకున్నాను. "బాబూ, ఆయన్ని తిట్టకు. తిడితే నన్ను తిట్టు" అన్నాను. మొత్తం చెప్పేను. సీసా సంగతి, జాతర ముందు రోజు సంగతి, ఆయన చూడమంటే నేను చూడకుండానే చూసేనన్న సంగతి, పిన్నీసు సంగతి, అన్నీ. ఏడుస్తూ, గుండెలు బాదుకుంటూ, కొట్టులో మనుషులున్నారని కూడా చూసుకోకుండా చెప్పేను. ఆయన చేతులు చచ్చిపోయినా ఏడాది పైన మీ బళ్ళు ఆగేయి, వదిలేయి, ఒక్కరికి దెబ్బ తగల్లేదు, నేను అబద్ధం ఆడిన రోజే తగిలింది అని చెప్పేను.

వాడు అంతా విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. నన్ను తిడతాడని, కొట్టు మీద పడతాడని చూసేను. కోరుకున్నాను కూడా.

"మీరు మంచోరమ్మా" అన్నాడు. "సచ్చిపోయినోడికి మాట రాకూడదని మీమీద ఏసుకుంటన్నారు. నాను ఆ రోజు నా కళ్ళతో సూసేను కదా, పిన్నీసు దిగితే తెలీలేదు ఆడికి. మీరెందుకు బాధ పడతారు, ఊరుకోండి."

"కాదు బాబూ, నిజం" అన్నాను. కౌంటరు మీద చేతులు పెట్టి మళ్ళీ మొదట్నుంచీ చెప్పబోయేను. పక్కనున్నవాళ్ళు "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అన్నారు. ఒకాయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేడు. అందరూ నావైపు ఎంత జాలిగా చూసేరంటే, ఆ జాలికి నేను చచ్చిపోయేను. బాబాయి ఆ అబద్ధాన్ని ఎంత గట్టిగా బిగించేడో, ఇంక ఎవరు విప్పినా అది ఊడదు.

"వెనక చక్రానికి కప్పు వాషర్లు కావాలమ్మా" అన్నాడు ఆ కుర్రాడు. "బయట ఎవుల్నీ నమ్మలేకపోతన్నాను. మీరే సేత్తో సూసి ఇవ్వండి. మీరు సూసేరంటే నాకు బెంగుండదు."

నేను డబ్బా తెరిచేను. చూసి ఇచ్చేను.